రాజు కలరు, పసుపు ఫేసింగు

ప్రకాశం బ్యారేజీ మీద ఒకసారి ర్యాలీ జరుగుతుంటే, జెండా పట్టుకున్న బక్కపల్చటి కుర్రాడొకడు గాలికి లేచి తాడేపల్లి వైపు దిగాడు. చెప్పులు మాత్రం బెజవాడ వైపే ఉండిపోయాయి. అంత గాలికీ జెండాలో ఒక్క పోగు కూడా లేవలేదు. ఆ జెండా కుట్టింది ఆమినాబీ గారు. నమ్మకం లేనివాళ్ళు తాడేపల్లి వెళ్ళి అడిగి రావచ్చు. నేను వెళ్ళలేదు, నాకు నమ్మకముంది.

గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందులో ఉంటుంది ఆవిడ కొట్టు. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కుట్టుమిషను, రెండు స్టూళ్ళు, గోడకి ఆనించిన గుడ్డ తానులు, వాటి మీద నిద్రపోయే ఒక పిల్లి. ఎదురుగా నా సెల్‌ఫోన్ రిపేరు బల్ల. ఇంటర్లో ఫిజిక్సుకీ నాకూ మాటా మాటా పెరిగి, పెద్దరికం నాదే కాబట్టి నేనే కాలేజీ నుంచి తప్పుకున్నాను. అప్పట్నుంచి ఆ బల్ల దగ్గరే ఉన్నాను. ఊళ్ళో ఇంజినీర్లు ఎక్కువైపోయి ఫోన్లు బాగుచేసేవాడు కరువైన రోజుల్లో నేను లేకపోతే బెజవాడ మూగబోయేది.

ఆమినాబీ గారికి అరవై దాటాయి. కళ్ళజోడుకి కుట్టుదారం కట్టి మెళ్ళో వేసుకుంటుంది. కుడిచేతి జాకెట్టు అంచు నిండా గుండుసూదులుంటాయి కాబట్టి ఆవిడతో ఎవరూ ఆ వైపు నుంచి పోట్లాటకి దిగరు. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీ జెండాలు, మధ్యాహ్నం దాని మీద కత్తికట్టిన పార్టీ జెండాలు ఆ ఒక్క మిషను మీదే పుడతాయి. బయట తలలు పగలగొట్టుకునే రంగులు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి, పైన పిల్లి. దర్గా ఉరుసుకి ఆకుపచ్చ, గుణదల తిరునాళ్ళకి తెలుపు, దసరాకి ఎరుపు. ఎవరి దేవుడికైనా అంచు మడిచి కుట్టాల్సిందేనంటుంది ఆవిడ.

అలాంటి మనిషికి పోయినసారి ఎన్నికల్లో దెబ్బ తగిలింది. ఒక ఇండిపెండెంటు అభ్యర్థికి ఎన్నికల గుర్తుగా కుట్టుమిషను వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మిషను ముందు నుంచి లేవని ఆవిడ, గుర్తులో మిషనుని తిప్పి కుట్టింది. చక్రం ఉండాల్సిన వైపు సూది, సూది ఉండాల్సిన వైపు చక్రం. జెండాలన్నీ ఆటోలో వెనక్కొచ్చాయి. ఆ అభ్యర్థికి వచ్చిన ఓట్లు చూస్తే వాళ్ళింట్లోవాళ్ళు కూడా గుర్తు కనుక్కోలేకపోయారని తెలుస్తుంది. ఆయన మాత్రం తన ఓటమికి దేశంలో ఒక్క ఆమినాబీనే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆవిడ కొడుకు నాసిర్‌కి ఆటోనగర్‌లో లారీలకీ బస్సులకీ సీటు కవర్లు కుట్టే షాపుంది. అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని తన ఇంట్లో మూడో అంతస్తులో భద్రంగా పెట్టుకోవాలని వాడి ఆశ. జెండాలు వెనక్కొచ్చిన రోజే వచ్చి, అమ్మకి చూపు ఆనడం లేదని, ఇక చాలని తేల్చేశాడు. ఆవిడ వినలేదు. ఇద్దరూ సందంతా వినేలా వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు.

"ఇంకొక్క జెండా వెనక్కొచ్చిందా అమ్మీ, మిషను తీసేస్తాను. నువ్వు మా ఇంటికొచ్చి కూర్చోవాలి. టీవీ పెడతాను, మంచి కుర్చీ వేస్తాను."

"కుర్చీ వేస్తావు సరే. ఎదురుగా తిట్టడానికి మనిషినెవర్ని వేస్తావు?" అని నా వైపు చూసింది ఆవిడ.

కానీ ఒప్పుకుంది. మిషను మీద చెయ్యి వేసి మరీ ఒప్పుకుంది. ఆవిడ మాట తప్పదు, వాడు పట్టు విడవడు. ఆ రోజు నుంచి మా సందులో ఏ ఆటో ఆగినా ఆవిడ తల ఎత్తి చూసేది, అందులో జెండాలు లేవని తెలిశాకే కాలు మళ్ళీ తొక్కుడుపలక మీదికి వెళ్ళేది.

ఇదిలా ఉండగా రామకోటేశ్వరరావు గారు ఫోన్ చేశారు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరరు గారు. మంచివాడు, పరధ్యానం మనిషి. ఒళ్ళు బెజవాడలో ఉంటుంది గానీ మనసు పదిహేడువందల యాభైల్లో కాపురముంటుంది. బందరు కోట దగ్గర ఇంగ్లిషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్న రోజుల మీద నాటకం రాసి, కాలేజీ పిల్లలతో ఆడించబోతున్నారు. ఆమినాబీ గారి ఫోను నేను బాగుచేసిన దగ్గర్నుంచి స్పీకర్లో తప్ప మాట్లాడదు. అది నా ప్రత్యేక పనితనం. కాబట్టి సంభాషణ మొత్తం సందుకి వినపడింది.

"ఆమినాబీ గారా అండీ? మా నాటకంలో రెజిమెంటుకి రెండు కలర్స్ కావాలమ్మా. ఒకటి కింగ్స్ కలరు, ఇంకోటి రెజిమెంటల్ కలరు. ఫేసింగు పసుపు. ఎక్స్‌ఎల్. మర్చిపోకండి, ఎక్స్‌ఎల్."

"రెండూ ఎక్స్‌ఎల్లేనా అండీ?"

"రెండూ ఒకే రెజిమెంటువి కదమ్మా, రెండింటికీ ఎక్స్‌ఎల్లే," అని ఆయన సంతోషంగా పెట్టేశారు. తన మాట ఇంత తొందరగా అర్థం చేసుకున్న మనిషి ఆయనకి జీవితంలో తగల్లేదనుకుంటాను.

ఇప్పుడు మీరే చెప్పండి. కలరు చెప్పాడు, ఫేసింగు చెప్పాడు, సైజు చెప్పాడు. ఫేసింగంటే మెడ దగ్గరా ముంజేతుల దగ్గరా వేసి తిప్పి కుట్టే పట్టీ అని మిషను తొక్కినవాళ్ళందరికీ తెలుసు. ఇది ఏమి ఆర్డరు? కోటు ఆర్డరు. అందులోనూ నాటకానికి. జెండా అన్న మాట ఆయన నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. జెండాలు కుట్టేదాన్ని కోట్లు అడుగుతున్నాడంటే తన చేతి మీద ఊళ్ళో ఇంకా నమ్మకముందన్నమాటేనని ఆవిడ పొంగిపోయింది. నాసిర్‌కి ఫోన్ చేసి, చూపు ఆనని మనిషికి కోట్లు పురమాయిస్తారా అని అడిగి, జవాబు వినకుండా పెట్టేసింది.

చిక్కల్లా కింగ్స్ కలరు దగ్గర వచ్చింది. రాణి కలరంటే అందరికీ తెలుసు. ఏ చీరల కొట్టులో అడిగినా కళ్ళు మూసుకుని ముదురు గులాబీ తీసి పరుస్తారు. మరి రాజు కలరంటే ఏది? రాణికి కలరుండి రాజుకి లేకుండా పోతుందా అని ఆవిడ వాదన. వాదనలో తప్పేమీ కనపడక నేనూ సంచీ పట్టుకుని వెంట వెళ్ళాను. మొదటి కొట్టులో లేదన్నారు. రెండో కొట్టులో కుర్రాడు, రాజుగారిదంటే కోడిపులావేనండి, ఎదురు హోటల్లో దొరుకుతుందన్నాడు. మూడో కొట్టు యజమాని అసలైన వ్యాపారస్తుడు. లేదనే మాట ఆయన నాలుక మీద పుట్టలేదు. అటకెక్కి, దుమ్ము దులిపి, వంకాయ రంగు శాటిన్ తాను ఒకటి దింపాడు. రాజులు తప్ప ఇంకెవరూ కట్టరు కాబట్టే ఇన్నేళ్ళూ ఉండిపోయిందని చెప్పాడు. ఆ ముక్కలో అబద్ధం లేదు. రెజిమెంటల్ కలరుకి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. రెజిమెంటంటే మిలిటరీ, మిలిటరీ అంటే మిలిటరీ గ్రీను.

కోట్లు తయారయ్యాయి. వంకాయ రంగుదొకటి, పచ్చదొకటి, రెండింటికీ మెడ దగ్గరా ముంజేతుల దగ్గరా పసుపు పట్టీ. నేను వంకాయ కోటు తొడుక్కుని సందులో అటూ ఇటూ నడిచి చూపించాను. లాడ్జీలో దిగిన పెద్దమనిషొకడు పైనుంచి వంగి, పెళ్ళి ఏ హాల్లోనని అడిగాడు.

రామకోటేశ్వరరావు గారు తన సైనికుణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. పేరు ఫిన్నీ, ఇంజినీరింగు చదువుతున్నాడు, తాడిచెట్టంత మనిషి. ఆవిడ కోట్లు రెండూ స్టూలు మీద పరిచింది. ఆయన చూశారు, మెచ్చుకున్నారు, చుట్టూ వెతికారు.

"కోట్లు బాగున్నాయమ్మా. కలర్సేవి?"

"ఇది రాజు కలరు. ఇది మిలిటరీ కలరు. ఇంకే కలరు కావాలండీ?"

ఆయన నెమ్మదిగా స్టూలు మీద, కోట్ల మీదే, కూర్చున్నారు. "కలరంటే జెండా అమ్మా."

ఆవిడ ఆయన కింద నలుగుతున్న కోట్ల వైపు చూసింది.

"జెండాని జెండా అనొచ్చుగా అండీ."

"ఆ కాలంలో వాళ్ళు కలరనే అనేవాళ్ళమ్మా."

"ఆ కాలంవాళ్ళు నాకు ఫోన్ చెయ్యలేదు. మీరు చేశారు."

ఆయన నొచ్చుకోలేదు. తప్పు తనదేనని ఒప్పుకుని, పాఠం చెప్పే గొంతులోకి వెళ్ళిపోయారు. ఆ రోజుల్లో ఇంగ్లిషు పటాలానికి రెండేసి జెండాలుండేవట. ఒకటి రాజుది. దాని నిండా వాళ్ళ దేశపు అడ్డగీతలు. అదే కింగ్స్ కలరు. రెండోది పటాలం సొంత జెండా. సైనికుల ఎర్రకోటుకి ముంజేతి దగ్గర మడిచిన పట్టీ ఏ రంగో, ఆ జెండా గుడ్డ కూడా అదే రంగు. పట్టీ పసుపైతే జెండా అంతా పసుపే, పైమూలన చిన్నగా రాజు జెండా. రెండింటి నడిమధ్యా పువ్వుల దండ, దండలో పటాలం నంబరు రోమన్ అంకెల్లో. ఎక్స్‌ఎల్ అంటే నలభై.

"నలభయ్యో పటాలం బందరు వచ్చిందాండీ?" అన్నాను నేను, చదువుకున్నవాడిలా.

రాలేదని, నాటకం కోసం తనే రప్పించానని, పసుపు కూడా తన ఎంపికేనని ఆయన చెప్పారు. నిజంగా వచ్చిన పటాలాన్ని పెడితే తప్పులు పట్టడానికి ఎవడో ఒకడు తయారవుతాడట.

సరిగ్గా అప్పుడే నాసిర్ అమ్మకి అన్నం క్యారేజీ పట్టుకొచ్చాడు. సంగతి నేను చెప్పలేదు. సందు చెప్పింది. వాడు క్యారేజీ కింద పెట్టి, అయితే వెనక్కొచ్చినట్టేగా అన్నాడు. ఆవిడ మొహం తెల్లబోయింది. అయినా నోరు పడిపోలేదు. వెనక్కొచ్చినవి కోట్లేనని, పందెం జెండాల మీద వేసుకున్నామని, పైగా ఆ కోట్లు గడపే దాటలేదని, గడప దాటని వస్తువు వెనక్కెలా వస్తుందని నిలదీసింది. వాడు లెక్చరరు గారి వైపు చూశాడు. ఆయన కాసేపు ఆలోచించి, తను అడిగింది జెండాలు కాబట్టి, అవి ఇంకా కుట్టనేలేదు కాబట్టి, కుట్టని జెండా వెనక్కి రాలేదని తీర్పిచ్చారు.

"సరే. ఇప్పుడు కుట్టేవి రెండూ పందెంలోకి వస్తాయి," అన్నాడు నాసిర్. "అందులో ఏది వెనక్కొచ్చినా మిషను ముందు నుంచి లేవాలి అమ్మీ."

నాటకం వచ్చే ఆదివారమే. ఆవిడ క్యారేజీ విప్పకుండా కత్తెర తీసింది.

ఆ వారం గురించి ఎంత చెప్పినా తక్కువే. నేనైతే ఇంకా ఎక్కువ చెప్పగలను గానీ మీరు నమ్మరు. ఒక్కో జెండా మనిషి కంటే ఎత్తు, మా సందు కంటే కొంచెమే చిన్నది. పరిస్తే సైకిళ్ళు ఆగిపోయేవి. అసలువాటిని పట్టుగుడ్డతో చేసేవారట. మనకి శాటిన్ దొరికింది. రాజు జెండాకి నీలం, దాని మీద తెల్లటి ఐమూల గీతలు, పైన ఎర్రటి నిలువూ అడ్డం గీతలు. మనవరాలు ఆస్రా బడి నుంచి వచ్చి చూసి, తన బ్యాగు మీదున్న ఇంగ్లాండు జెండాలో ఐమూలగా కూడా ఎర్రగీతలున్నాయని, దాదీ మర్చిపోయిందని పట్టేసింది. ఆవిడ కత్తెర అక్కడే పడేసింది. లెక్చరరు గారికి ఫోన్ చేస్తే, ఆ ఎర్రగీత ఐర్లండుదని, ఐర్లండు కలిసింది తరవాతెప్పుడో కాబట్టి తన నాటకం నాటికి లేదని స్పీకర్లో వివరించారు. ఆ కలిసేదేదో ముందే కలిసుంటే తనకీ గాభరా ఉండేది కాదని ఆవిడ విసుక్కుంది.

దండలో గులాబీలు పెట్టడం తేలిక. వాటి పక్కనే స్కాట్లాండు ముళ్ళపువ్వు ఉండాలట. మన పొలంగట్ల మీద బ్రహ్మదండి ఉంటుందే, అలాంటిదని ఆయన చెప్పారు. ఆవిడ పుట్టింది పామర్రు అవతల. బ్రహ్మదండి గుచ్చుకోని కాలు కాదు ఆవిడది. మిగిలిన రాజు కలరు గుడ్డలోంచి ముళ్ళపువ్వులు కత్తిరించి అంటించింది. స్కాట్లాండువాళ్ళు చూస్తే చెప్పులేసుకుని నడిచేవాళ్ళు, అంత నిజంగా వచ్చాయి.

నంబరు దగ్గర మాత్రం నాసిర్ రోజూ వచ్చి నిలబడేవాడు. అమ్మ ఎక్కడ తిప్పి కుడుతుందా అని వాడి చూపు. ఒక వైపు నుంచి ఎక్స్‌ఎల్ బాగానే ఉంది. అవతలి వైపు నుంచి చూస్తే అక్షరాలు తారుమారై నలభయ్యో పటాలం కాస్తా అరవయ్యోది అవుతుందని లెక్చరరు గారు ముందే హెచ్చరించారు. అందుకని ఆవిడ రెండు పొరలు వేసి, అటొక నంబరు ఇటొక నంబరు కుట్టి, రెండింటినీ కలిపి చుట్టూ గొలుసులా కుట్టేసింది. ఎల్లు ఎటుందో ప్రతిసారీ నన్ను అడిగేది. నేను చెప్పినా నమ్మక ఫిన్నీకి ఫొటో పంపేది. నాసిర్ రెండు వైపులా తిరిగి చూసి, ఏమీ దొరక్క, క్యారేజీలో కూర చప్పగా ఉందన్నాడు. కూర వాడింటిదే.

ఇంకో మాట. ఆ వారంలో ఒక రోజు ఆవిడ కాలు ఆపి, మూడో అంతస్తు నుంచి కింద మాట్లాడేవాళ్ళ మాటలు వినపడతాయా అని నన్నడిగింది. మొహాలు కనపడతాయి గానీ మాటలు వినపడవన్నాను. మళ్ళీ మిషను తొక్కింది. నేను ఆ పూట కోతలేమీ కొయ్యలేదు.

ఆదివారం సాయంత్రం హాలు నిండింది. పిల్లల అమ్మానాన్నలు సగం, ఏసీ కోసం వచ్చినవాళ్ళు సగం. ఆమినాబీ గారు, నాసిర్ పక్కపక్కనే కూర్చున్నారు. నాటకంలో ఎవరు ఎవరిని చంపుతున్నారో ఇద్దరికీ పట్టలేదు. తెర లేచింది. ముందు రాజు జెండా వచ్చింది, చప్పట్లు పడ్డాయి. వెనకే ఫిన్నీ పసుపు జెండా ఎత్తి అడుగు పెట్టాడు.

వెనక వరసల్లోంచి ఈల పడింది. తరవాత పది ఈలలు. ఆ రంగు మా జిల్లాలో ఊరికే ఎగరదని మీకు నేను చెప్పక్కర్లేదు. కుడివైపు కుర్చీల్లోంచి రెండో పక్షంవాళ్ళు లేచి, నాటకంలో రాజకీయాలేంటని కేకలు పెట్టారు. ఆ కాలపు ఇంగ్లాండు రాజు జార్జికి బెజవాడలో ఇంతమంది అభిమానులూ, ఇంతమంది శత్రువులూ ఉన్నారని తెలిస్తే ఆయన లండన్లో ఉండేవాడే కాదు. రామకోటేశ్వరరావు గారు స్టేజీ మీదికి పరిగెత్తి, బాబూ, ఇది పదిహేడువందల యాభైల నాటి జెండా, కూర్చోండి అని చేతులు జోడించారు.

"అప్పట్నుంచీ ఉందా మన పార్టీ!" అన్నాడు వెనకనుంచి ఒకాయన, గొంతు గద్గదమై.

నాటకం మాత్రం బ్రహ్మాండంగా ఆడింది. ఫిన్నీ గుండు తగిలి కూలబోతూ జెండాని పక్కవాడి చేతికి అందించినప్పుడు హాలంతా లేచింది. ఫ్రెంచి సేనాపతి పచ్చకోటులో అందంగా ఓడిపోయాడు. కోటలో వంటవాడు వంకాయ కోటులో, యజమాని కంటే దర్జాగా, కడదాకా బతికే ఉన్నాడు. ఆవిడ కళ్ళు మాత్రం పసుపు జెండా అంచు మీదే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే లెక్చరరు గారు ఒంటరిగా, జుట్టు రేగిపోయి, వట్టి చేతులతో వచ్చారు. నాసిర్ అప్పటికే అక్కడున్నాడు. ఆ రోజు ఆటోనగర్ లారీలు సీట్లు లేకుండా నిలబడే తిరిగుంటాయి.

"కలరు పోయిందమ్మా," అన్నారాయన.

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "ఒక్క పూటకే పోవడమేంటండీ? ఉతికారా? గ్యారంటీ రంగని కొట్టాయన ఒట్టేశాడు."

"రంగు పోతే వెనక్కొచ్చినట్టే కదా అమ్మీ," అన్నాడు నాసిర్, మెల్లగా. వాడి గొంతులో గెలుపు లేదు. అయినా అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "చూపించండి. ఎక్కడ పోయిందో చూస్తాను."

"ఏం చూపించనమ్మా, జెండాయే లేదు. ఎత్తుకుపోయారు."

సంగతేంటంటే, నాటకమయ్యాక ఈలలవాళ్ళు గ్రీన్‌రూములోకి జొరబడ్డారు. జెండాతో సెల్ఫీలు దిగారు. తరవాత జెండా తలుపు దాటింది, ఆ తరవాత బండి ఎక్కింది. ఫిన్నీ వెనకాల పరిగెత్తాడు గానీ, వాడు అప్పటికి చచ్చిపోయి అరగంటైంది కాబట్టి ఎవరూ లెక్కచెయ్యలేదు. రాజు జెండా ఒకటి మిగిలింది. దాన్ని లెక్చరరు గారు వాళ్ళింట్లో గోడకి కొట్టుకున్నారట, దిగేది లేదట. కానీ పసుపుది పోయింది. ఆ కాలంలో పటాలానికి కలరు పోవడం కంటే పెద్ద తలవంపు లేదని ఆయన వాపోయారు. దాని కోసం కుర్ర ఆఫీసర్లు ప్రాణాలిచ్చేవాళ్ళట. యుద్ధం గెలిచాక, సెల్ఫీల దగ్గర పోగొట్టుకున్న పటాలం చరిత్రలో తనదొక్కటేనట.

ఆమినాబీ గారు చాలా బాధగా తలూపింది. ఆయన్ని కూర్చోబెట్టింది. టీ తెప్పించింది. ఆయన సగం తాగేదాకా ఆగింది.

"పోయిందంటే… ఇక తిరిగి రాదు కదండీ?"

"ఎక్కడొస్తుందమ్మా."

"అయ్యో," అంది ఆవిడ. ఇంత సంతోషంగా ఎవరైనా అయ్యో అనడం నేనింతవరకు వినలేదు.

నాసిర్ లేచాడు. తను వెతికి తెస్తానన్నాడు. సార్ జెండా సార్‌కి ఇప్పించడం ధర్మమన్నాడు. అది తెస్తే సార్‌కి పరువు దక్కుతుంది, తెచ్చి ఈ కొట్టులో పెడితే ఒక జెండా వెనక్కొచ్చినట్టూ అవుతుంది. ధర్మం ఒక్కోసారి భలే కలిసొస్తుంది. బండి స్టార్టు చేసి వెళ్ళిపోయాడు. ఆవిడ సందు మలుపు వైపు చూస్తూ, లెక్చరరు గారు చెప్పే ఇంకో యుద్ధం కథకి ఊఁ కొడుతూ, మధ్యాహ్నం దాకా ఒక్క కుట్టు వెయ్యలేదు.

వాడు ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. చొక్కా కుడిభుజం దగ్గర కుట్టంతా ఊడి, చెయ్యి ఒక ముక్క, చొక్కా ఒక ముక్కగా వేలాడుతోంది. నీళ్ళు తాగి చెప్పాడు. జెండా పెనమలూరు దాటాక ఒక ట్రాక్టరు మీద కనపడింది. కిరీటి అనే కుర్రాడు దాన్ని ఇంజను మీద కట్టుకుని ఊరేగుతున్నాడు. ఎక్స్‌ఎల్ అంటే ఏంటని జనం అడిగితే, మా నాయకుడు ఎక్స్‌ట్రా లార్జని చెబుతున్నాడట. మూలన ఉన్న ఎర్ర అడ్డగీతలు కొత్త ఆస్పత్రి హామీ అట. నాసిర్ మర్యాదగా అడిగాడు. ఇవ్వనన్నాడు. మా అమ్మ కుట్టిందన్నాడు నాసిర్. అయితే అమ్మగారికి నమస్కారాలు చెప్పమని, జెండా మాత్రం ఇవ్వనన్నాడు.

"లాక్కోలేకపోయావా?" అన్నారు రామకోటేశ్వరరావు గారు. పటాలం మనిషి కదా.

"లాగానండి. ఒకవైపు నేను, ఒకవైపు వాడు, వాడి పక్కన ఇంకో ఇద్దరు. ట్రాక్టరు కూడా కొంచెం కదిలింది." నాసిర్ అమ్మ వైపు చూశాడు. "కుట్టు ఊడలేదు అమ్మీ."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. వాడి భుజం మీద వేలాడే గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని, తిప్పి, లోపలి దారం చూసింది.

"ఇదెక్కడ కొన్నావు?"

"షాపింగ్ మాల్లో."

"విప్పి ఇటివ్వు."

వాడు ఒకసారి సందు వైపు చూశాడు. పైన లాడ్జీ కిటికీలు, కింద నేను, స్టూలు మీద లెక్చరరు గారు. తరవాత గుండీలు విప్పి, చొక్కా ఆవిడ చేతికిచ్చి, బనీనుతో రెండో స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ దారం రంగు కలిసేదాకా మూడు రీళ్ళు మార్చి, మిషను తొక్కడం మొదలుపెట్టింది. రెండో చేతి కుట్టు కూడా వదులుగా ఉందని, అదీ వేస్తానని, ఆలస్యమవుతుంది కూర్చోమంది. వాడు తొందరేమీ లేదన్నాడు.